వంటింటి నొప్పి మందు... ఎంతవరకు?

అమెరికాకు వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో పచ్చళ్లు, పొడుల తర్వాత ఖాయంగా కనిపించేది ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో అమృతాంజనం సీసా, లవంగ నూనె బుడ్డి, పొట్లం కట్టిన వాము, నాలుగు శొంఠి కొమ్ములు ఉంటాయి. ఇక్కడి డాక్టర్ల మీద నమ్మకం లేక కాదు, వాళ్ల ఫీజుల గురించి విని తెచ్చుకుంటారు. పన్ను సలిపినా, కడుపులో పట్టేసినా, తల పగిలిపోతున్నా ముందు ఆ డబ్బా తెరుస్తారు. మనం మాత్రం తక్కువా? శనివారం అర్ధరాత్రి నొప్పి వస్తే అర్జంట్ కేర్‌కు వెళ్లాలా వద్దా అని లెక్కలు వేసుకుంటూ, ఈలోగా వేడినీళ్లలో వాము వేసుకుని తాగే ఇళ్లు మా డాలస్‌లో చాలా ఉన్నాయి.

ఈ వైద్యాన్ని చాదస్తమని కొట్టిపారేసే పిల్లలు ఒకవైపు, మన పెద్దలకు తెలియనిది లేదంటూ వాట్సాప్‌లో ఊదరగొట్టే మిత్రులు మరోవైపు. ఇద్దరితోనూ నాకు పేచీయే. ఎందుకంటే లవంగం, పుదీనా, వాము, ఒరెగానో లాంటి వంటింటి దినుసుల్లోని సుగంధ తైలాలు నొప్పి మీద పనిచేస్తాయన్నది నిజం. ఎలా పనిచేస్తాయో కూడా శాస్త్రవేత్తలు చాలావరకు తేల్చారు. అయితే వంటలో వేసే లవంగం వేరు, సీసాలోని లవంగ నూనె వేరు. నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఈ రెండు తేడాలు తెలియకపోతే పరాయి దేశంలో మూల్యం గట్టిగానే చెల్లించుకోవాలి.

ముందు లవంగం సంగతి. లవంగ మొగ్గ నుంచి ఆవిరి పట్టి తీసే నూనెలో 70 నుంచి 90 శాతం దాకా ఉండేది ఒక్కటే పదార్థం, యూజెనాల్. మన నరాల్లో నొప్పి కబురు మెదడుకు చేరాలంటే నరాల పొరలో ఉండే సోడియం చానెళ్లు తెరుచుకోవాలి. యూజెనాల్ వాటిని అడ్డుకుంటుంది. పంటి డాక్టరు సూదితో ఇచ్చే మత్తుమందు చేసేదీ ఇంచుమించు ఇదే పని. కాకపోతే అది లోతుకు వెళ్తుంది, నూనె పైపైనే ఉంటుంది. దీనితో పాటు యూజెనాల్ వాపును, సూక్ష్మజీవులను కూడా కొంత అదుపు చేస్తుంది.

గల్ఫ్‌లోని మనవాళ్లకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. దీనిమీద తరచూ ఉదహరించే పరీక్షల్లో ఒకటి జరిగింది కువైట్ విశ్వవిద్యాలయంలోనే. 2006లో ఒక దంతవైద్య పత్రికలో వచ్చింది. 73 మంది పెద్దవాళ్లను తీసుకుని, నోటి లోపల పై కోరపన్ను దగ్గర, బుగ్గ వైపు ఉండే పొర మీద కొందరికి లవంగాల పొడితో చేసిన జెల్, కొందరికి బెంజోకెయిన్ జెల్, మిగతా వారికి మందు లేని ఉత్తుత్తి జెల్ రాశారు. కాసేపాగి అక్కడ సూది గుచ్చి ఎంత నొప్పి వేసిందో అడిగారు. లవంగం రాసినవారికీ, బెంజోకెయిన్ రాసినవారికీ నొప్పి తగ్గింది. ఆ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మందుల షాపులో పంటి నొప్పికి అమ్మే జెల్‌కు మన లవంగం సాటి వచ్చిందన్నమాట. అలాగని ఈ ఒక్క పరీక్షను పట్టుకుని మరీ ఎగరక్కర్లేదు. అది సూది నొప్పి, పుచ్చు పన్ను నొప్పి కాదు. పైగా ఇలాంటి పరీక్షల్లో ఒక చిక్కుంది. లవంగం వాసన దాచినా దాగదు. తనకు ఏ మందు రాశారో మనిషికి తెలిసిపోతే నొప్పి లెక్క కొంత మారుతుంది.

దంతవైద్యులకు మాత్రం లవంగం కొత్త కాదు. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజెనాల్ కలిపి ముద్ద చేసి, పంటి గుంతలో తాత్కాలికంగా నింపడం వందేళ్లకు పైబడిన పద్ధతి. పాత తరం డెంటల్ క్లినిక్‌లోకి అడుగుపెట్టగానే కొట్టే ఆ ప్రత్యేకమైన వాసన దానిదే.

మా అమ్మ ఆ వాసనను పట్టేసింది. కిందటేడాది ఆరు నెలలు ఉందామని వచ్చింది. మూడో వారంలోనే కింది దవడ పన్ను సలపడం మొదలైంది. మాకు చెప్పలేదు. దూదికి లవంగ నూనె అద్ది పన్ను మీద పెట్టుకుని, మనవలకు దోసెలు వేస్తూ నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. పొద్దున్నే ఇల్లంతా బిర్యానీ వాసనేమిటని మా ఆవిడ నిలదీస్తే, ‘‘ఏం లేదమ్మా, పన్ను కాస్త జివ్వుమంది. ఇప్పుడు తగ్గిపోయిందిలే’’ అంది.

తగ్గింది, నిజమే. అయిదో రోజు పొద్దుటికి దవడ వాచింది.

డెంటిస్టు ఎక్స్‌రే తీసి చూపించారు. పుచ్చు పంటి మధ్యలోని నరం దాకా వెళ్లింది. వేరు చివర చీము చేరింది. నాలుగో రోజుకు నొప్పి తగ్గడంలో లవంగ నూనె పాత్ర కొంతే. పంటి లోపలి నరం చచ్చిపోతుండటం అసలు కారణమని ఆయన వివరించారు. నరం చచ్చిపోతే పన్ను సలపడం ఆగుతుంది, చీము మాత్రం ఎముకలోకి దిగుతూనే ఉంటుంది. పంటి నొప్పి దానంతటదే తగ్గిపోయిందని మనం సంబరపడేది చాలాసార్లు సరిగ్గా ఈ దశలోనే. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. సర్వర్ మూలుగుతోందని అలారం మోగుతుంటే అలారాన్ని మ్యూట్ చేసి పడుకోవడం లాంటిదిది. ఆ రాత్రికి నిద్ర పడుతుంది.

రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్ అయ్యాక పంటికి తాత్కాలికంగా ముద్ద పెట్టి పంపారు. కారెక్కగానే అమ్మ అన్న మొదటి మాట: ‘‘ఒరేయ్, ఈయన పెట్టింది కూడా లవంగ నూనేరా! దీనికి అంత డబ్బా?’’ రూట్ కెనాల్‌కూ, పైన తొడిగే క్యాప్‌కూ కలిపి రెండు వేల డాలర్లు దాటింది. తను తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు. ఇలాంటి పాలసీల్లో పంటి వైద్యానికి సాధారణంగా చోటుండదు. ఉన్నా దెబ్బ తగిలితేనో, హఠాత్తుగా నొప్పి వస్తేనో ఏదో కొద్ది మొత్తం. అమ్మానాన్నలకు టికెట్లు బుక్ చేసేముందు ఊళ్లోనే ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించమని నేను కనిపించిన ప్రతివారికీ చెబుతున్నది ఇందుకే. షుగర్, బీపీ పరీక్షలు చేయిస్తాం, ఆరు నెలల మందులు కట్టిస్తాం. పళ్లు మాత్రం ఎవరికీ గుర్తుకు రావు.

ఇక్కడికొచ్చాక పన్ను మొరాయిస్తే ప్రైవేటు క్లినిక్ ఒక్కటే దారి కాదు. విశ్వవిద్యాలయాల డెంటల్ కాలేజీల్లో విద్యార్థులు, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో, తక్కువ ఖర్చుతో వైద్యం చేస్తారు. మా డాలస్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం, న్యూయార్క్‌లో ఎన్‌వైయూ, న్యూజెర్సీ న్యూవార్క్‌లో రట్గర్స్, శాన్‌ఫ్రాన్సిస్కోలో యూసీఎస్‌ఎఫ్ కాలేజీలకు ఇలాంటి క్లినిక్‌లున్నాయి. టైం ఎక్కువ పడుతుంది, ఓపిక ఉండాలి. ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. దవడ కింద వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే. చీము మెడలోకి దిగితే గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవారి దగ్గర డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రమాదం నుంచి గట్టెక్కించాలి. బిల్లు తర్వాత వస్తుంది. దాని గురించి తర్వాత కొట్లాడుకోవచ్చు.

ఇక పుదీనా దగ్గరకొద్దాం. దీని వెనకున్న సైన్సు నాకు మహా ఇష్టం. మెంథాల్ రాసుకుంటే చల్లగా ఎందుకుంటుంది? అది చర్మాన్ని నిజంగా చల్లబరచదు. చల్లదనాన్ని కనిపెట్టడానికి మన నరాల చివర ఒక గ్రాహకం ఉంటుంది. దాని పేరు టీఆర్‌పీఎం8. చల్లగాలి తగిలినప్పుడు తెరుచుకోవాల్సిన ఆ తలుపును మెంథాల్ దొంగతాళంతో తీసేస్తుంది. మెదడు చల్లగా ఉందనుకుంటుంది. ఆ చల్లదనపు కబురు హోరులో నొప్పి కబురు వెనక్కిపోతుంది. 2002లో ఈ గ్రాహకాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్, విడిగా ఆర్డెమ్ పటపూటియన్ బృందం కనిపెట్టారు. అంతకు ముందు 1997లో మిరపకాయ మంటను పసిగట్టే గ్రాహకాన్ని పట్టింది కూడా జూలియస్ బృందమే. స్పర్శ, ఉష్ణోగ్రతల గుట్టు విప్పినందుకు 2021లో వీరిద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. గొడ్డుకారం తిని కళ్లనీళ్లు పెట్టుకునే మనకు ఆ బహుమతిలో కాస్త వాటా ఇవ్వొచ్చనిపిస్తుంది.

ఒక చిన్న సవరణ. మనం పచ్చడి చేసుకునే పుదీనా చాలావరకు స్పియర్‌మింట్ జాతి. అందులో కార్వోన్ ఎక్కువ, మెంథాల్ నామమాత్రం. బామ్‌లలోని మెంథాల్ వచ్చేది పెప్పర్‌మింట్ నుంచి, ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల వేల ఎకరాల్లో పండించే జపాన్ పుదీనా నుంచి. ఆ రకం నూనెలో ప్రపంచానికి పెద్ద సరఫరాదారు మన దేశమే. కాబట్టి పుదీనా పచ్చడి తింటే తలనొప్పి తగ్గుతుందన్న వాట్సాప్ సందేశాన్ని పచ్చడి రుచి కోసం మాత్రమే మన్నించాలి.

తలనొప్పికి పెప్పర్‌మింట్ నూనె మాత్రం పనిచేస్తుంది. 1996లో జర్మనీలోని కీల్‌లో ఒక పరీక్ష జరిగింది. ఒత్తిడి తలనొప్పితో బాధపడే 41 మందికి నుదుటి మీద, కణతల మీద ఆల్కహాల్‌లో కలిపిన 10 శాతం పెప్పర్‌మింట్ నూనె రాశారు. దాన్ని 1,000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో పోల్చి చూస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు. వాసన బట్టి గుర్తుపట్టకుండా ఉత్తుత్తి మందులోనూ కాసింత పెప్పర్‌మింట్ కలిపారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. కడుపు నొప్పి విషయంలో సాక్ష్యం ఇంకా బలమైనది. పేగుల్లో మెలిపెట్టే నొప్పి, ఉబ్బరంతో వేధించే ఐబీఎస్ జబ్బుకు పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్లు వాడి చూడవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది. మెంథాల్ పేగు గోడల్లోని కండరాన్ని సడలిస్తుంది. ఈ క్యాప్సూల్ కడుపులో కాక పేగులోకి వెళ్లాకే కరిగేలా పైపూత ఉంటుంది. ఆ పూత లేకుండా నూనె నేరుగా తాగితే ఆహారనాళం చివరి కండరం వదులై గుండెల్లో మంట మొదలవుతుంది. అసిడిటీ ఉన్నవారు పుదీనా జోలికి వెళ్లే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మెంథాల్ అంటే మన తెలుగువారికి ఒక రుణం కూడా గుర్తుకు రావాలి. కృష్ణా జిల్లా నుంచి బొంబాయి వెళ్లిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అక్కడ మొదలుపెట్టిన తలనొప్పి మందే అమృతాంజనం. పొట్ట చేతబట్టుకుని పరాయి ఊరు వెళ్లిన తెలుగువాడు తయారుచేసిన మందది. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బుతోనే 1908లో ఆయన బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. ఒక తెలుగు దినపత్రిక తలనొప్పి మందు మీద పుట్టిందని చెబితే మా అబ్బాయి ఎంతకీ నమ్మలేదు.

వాము కథ ఇంకో రకం. అందులోని ఘాటు థైమాల్‌ది. పాశ్చాత్యుల వంటల్లోని థైమ్ ఆకు ఘాటు కూడా అదే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన వాము గింజలు ఓడలెక్కి జర్మనీ వెళ్లి అక్కడ థైమాల్‌గా మారేవి. ఇక్కడి ఇళ్లలో పొద్దున్నే పుక్కిలించే లిస్టరిన్‌లో ఆ థైమాల్ ఇప్పటికీ ఉంది. వాము, ఉప్పు నమిలి వేడినీళ్లు తాగితే కడుపు నొప్పి తగ్గడానికి కారణమూ చెప్పుకోవచ్చు. థైమాల్ పేగు కండరాల బిగువును సడలిస్తుందని ప్రయోగశాలల్లో జంతు కణజాలం మీద తేలింది. పెప్పర్‌మింట్‌కు దొరికినన్ని మనుషుల మీది పరీక్షలు వాముకు దొరకలేదు. కర్నూలు యార్డుకు బస్తాలకు బస్తాలు వాము వచ్చే రాష్ట్రాల వాళ్లం, ఆ పని మనమే చేయాల్సింది.

ఇక్కడ నర్సరీల్లో ‘క్యూబన్ ఒరెగానో’ అని చిన్న కుండీ అమ్ముతారు. ఆకు నలిపి వాసన చూస్తే అది మన వామాకే! బజ్జీలకు వాడే అదే ఆకు. పిజ్జా మీద చల్లే ఒరెగానోది వేరే మొక్క. రెండింటి వాసన కలవడానికి కార్వాక్రాల్, థైమాల్ అనే అన్నదమ్ములే కారణం. 2006లో బోస్టన్ శాస్త్రవేత్తలు ఒరెగానో, థైమ్, లవంగాల్లోని ఈ పదార్థాలు చర్మంలో, నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాలను తట్టి లేపుతాయని చూపారు. నమిలిన కాసేపటికి నాలుక వెచ్చబడి, ఆ తర్వాత మొద్దుబారేది ఇందుకే. ముందు గిల్లి, తర్వాత జోకొట్టడం ఈ తైలాలన్నిటికీ ఉమ్మడి గుణం. గిల్లే గుణం ఎక్కువైతే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

నాకు లెక్కలు వేసే అలవాటు. ఆమధ్య లవంగ నూనె సీసా ముందు పెట్టుకుని ఒక లెక్క వేశాను. లవంగాల బరువులో 15 నుంచి 20 శాతం దాకా నూనె దిగుతుంది. అంటే 10 మిల్లీలీటర్ల బుడ్డిలో సుమారు 60 గ్రాముల లవంగాల సారం ఉంది. లవంగాలుగా లెక్కపెడితే ఆరేడు వందలు. ఎంత పెద్ద విందు బిర్యానీ అయినా మన విస్తట్లోకి వచ్చేవి రెండో మూడో. ఒక చెంచా నూనె మింగితే మూడు వందల పైచిలుకు లవంగాలు ఒక్క గుక్కలో మింగినట్టు.

ఆహారంలో కలిసే యూజెనాల్ రోజుకు కిలో శరీర బరువుకు 2.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్‌ఏఓల నిపుణుల సంఘం హద్దు పెట్టింది. 60 కిలోల మనిషికి 150 మిల్లీగ్రాములు. చెంచా లవంగ నూనెలో ఉండేది సుమారు 4,000 మిల్లీగ్రాములు. 10 కిలోల పసివాడికి హద్దు 25 మిల్లీగ్రాములు. సీసాలోంచి జారే ఒక్క చుక్కతోనే ఆ హద్దు దాటిపోతుంది. దాటిన వెంటనే ప్రమాదమని కాదు. రోజూ తిన్నా హాని లేదని పెట్టిన హద్దు అది. కానీ సీసా ఎంత ఘాటైనదో చెప్పడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

ప్రమాదం ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. 1993లో బ్రిటన్ పిల్లల వైద్య పత్రికలో వచ్చిన ఒక నివేదిక రెండేళ్ల బాబుది. 5 నుంచి 10 మిల్లీలీటర్ల లవంగ నూనె తాగేశాడు. కోమాలోకి వెళ్లాడు, ఫిట్స్ వచ్చాయి, రక్తం గడ్డకట్టడం దెబ్బతింది, కాలేయం పాడైంది. చివరికి బతికి బయటపడ్డాడు. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు కాలేయాన్ని కాపాడటానికి వాడే విరుగుడునే లవంగ నూనె మింగిన పిల్లలకూ వైద్యులు వాడారు. ‘వంటింటి దినుసే కదా’ అనుకునే వస్తువు కాలేయం మీద అలాంటి దెబ్బ కొట్టగలదు.

అందుకే పళ్లు వస్తున్న పసిపిల్లల చిగుళ్లకు లవంగ నూనె రాయమనే సలహా ఎవరిచ్చినా పాటించకండి. దానికి బదులు షాపులో బెంజోకెయిన్ జెల్ కొనుక్కొచ్చి రాయడమూ పరిష్కారం కాదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి రావచ్చని, రెండేళ్లలోపు పిల్లలకు అది వాడొద్దని ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది. ఫ్రిజ్‌లో చల్లబరచిన శుభ్రమైన గుడ్డ, లేదంటే చేత్తో చిగుళ్లు మెల్లగా రుద్దడం చాలు. జలుబు చేసిందని పసిపిల్లల ముక్కు దగ్గర, మొహం మీద మెంథాల్ బామ్‌లు రాయొద్దు. ఊపిరి పట్టేసే ప్రమాదం ఉంది. కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. కర్పూరం వల్ల ఫిట్స్ వచ్చిన ముగ్గురు పిల్లల ఉదంతాన్ని న్యూయార్క్ బ్రాంక్స్ వైద్యులు 2009లో రాశారు. దేవుడి గదిలో హారతి కర్పూరం డబ్బా ఏ అరలో ఉందో ఒకసారి చూసుకోండి.

పెద్దవాళ్ల విషయంలో నేను భయపడేది రక్తం పలచబడే మందులతో. స్టెంటు వేయించుకున్నవారు, వార్ఫరిన్ వాడేవారు మన నాన్నల తరంలో ఇంటికొకరు. చాలా నొప్పి బామ్‌లలో వింటర్‌గ్రీన్ నూనె, అంటే మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. మోకాళ్లకు రోజూ దట్టంగా పట్టిస్తే చర్మం గుండా లోపలికి వెళ్లి వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచిన ఉదంతాలున్నాయి. ఇక ఒక చెంచా అసలు వింటర్‌గ్రీన్ నూనె ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. యూజెనాల్ కూడా రక్తపు ప్లేట్‌లెట్లు అతుక్కోవడాన్ని తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. కాబట్టి పన్ను పీకించుకోబోయే ముందు లవంగ నూనె వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పాలి. చెప్పడానికి మరో కారణమూ ఉంది. పంటి రంగు సిమెంట్ గట్టిపడకుండా యూజెనాల్ అడ్డుపడుతుంది. గుంతలో ఆ నూనె మిగిలి ఉంటే ఫిల్లింగ్ సరిగా నిలవకపోవచ్చు.

మన అసోసియేషన్ల ఫంక్షన్లలో ఈమధ్య కొత్త సందడి చూస్తున్నాను. చిన్న చిన్న సీసాలు టేబుల్ మీద పేర్చి, తెలిసిన అక్కయ్యో వదినగారో ఒక చుక్క మణికట్టు మీద వేసి మోకాళ్ల నొప్పుల నుంచి మైగ్రేన్ దాకా అన్నిటికీ ఇదేనంటారు. కాదనలేం, రేపు వాళ్లింట్లోనే వరలక్ష్మీ వ్రతం. సీసా మీద ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అని ఉంటుంది. ఆ మాటకు ప్రభుత్వ ప్రమాణం ఏదీ లేదు. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఎఫ్‌డీఏ ఈ నూనెలను మందులుగా పరీక్షించి ఆమోదించదు. జబ్బు తగ్గిస్తుందని ప్రచారం చేస్తే మాత్రం ఊరుకోదు. 2014లో ఎబోలాకు కూడా ఈ నూనెలు పనిచేస్తాయని డిస్ట్రిబ్యూటర్లు చెప్పుకుంటుంటే రెండు పెద్ద కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని రోజూ తాగమని వాళ్లిచ్చే సలహా నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోస్తుంది. నూనె నీళ్లలో కలవదు. పైన తేలుతూ అచ్చం నూనెగానే గొంతులోకి దిగుతుంది.

మరి ఇంట్లో ఎలా వాడుకోవాలి? అర్ధరాత్రి పన్ను నొప్పెడితే ఒక లవంగాన్ని పన్ను పక్కన ఉంచుకుని మెల్లగా కొరకడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. సారం కొద్దికొద్దిగా దిగుతుంది, మోతాదు మించదు. నూనే కావాలంటే ఒక చుక్కను అర చెంచా నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో కలిపి, దూదితో పన్నుకు మాత్రమే అద్ది, ఉమ్మి మింగకుండా చూసుకోవాలి. అచ్చం నూనె చిగురుకు తగిలితే కాలి బొబ్బ లేస్తుంది. తెల్లవారగానే డెంటిస్టుకు ఫోన్ చేయాలి, నొప్పి తగ్గినా సరే. తలనొప్పికి పెప్పర్‌మింట్ కళ్లకు దూరంగా నుదుటికి, కణతలకు రాసుకోవచ్చు. వాము నీళ్లకు వచ్చిన ముప్పేమీ లేదు. కానీ కడుపు నొప్పి కుడివైపు కిందికి దిగి ఆగకపోతే, లేదా ఛాతీలో బరువుగా ఉంటే గ్యాసేనని వాము నమలకుండా 911కో డాక్టరుకో ఫోన్ చేయాలి.

పిల్లలు ఏ నూనె మింగినా వాంతి చేయించడానికి ప్రయత్నించొద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకా ప్రమాదం. అమెరికాలో ఎక్కడి నుంచైనా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, ఇన్సూరెన్స్ అడగరు. బిడ్డ స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా నేరుగా 911. ఇంట్లో పిల్లలను చూసుకుంటూ ఒంటరిగా ఉండే అమ్మమ్మలు, నానమ్మలకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు, అనువాదకుల ఏర్పాటు ఉంది. భాష పేరు చెబితే చాలు. మా ఫ్రిజ్ తలుపు మీద ఆ నంబరు పక్కనే అమ్మ కోసం పెద్ద అక్షరాలతో రాసి అంటించాం: ‘‘ఫోన్ ఎత్తగానే తెలుగు అను.’’